శ్వాసకు చెవి యొగ్గిన వైద్యుడు – రెనె లెన్నెక్

వైద్యుని బొమ్మ గీయమంటే ఏ పసివాడైనా ముందుగా మెడలో స్టెతస్కోపునే గీస్తాడు. ఆ పరికరానికి ఉన్నంత ప్రఖ్యాతి దానిని రూపొందించిన మనిషి జీవితానికి లేదు. ఫ్రెంచి వైద్యుడు రెనె లెన్నెక్ పేరు పాఠ్యపుస్తకంలో ఒక పంక్తిగా, పోటీ పరీక్షలో ఒక ప్రశ్నగా మిగిలిపోయింది. 1816లో కాగితపు చుట్ట, 1819లో గ్రంథం, 1826లో మరణం – మనకు తెలిసినది ఇంతే. ఆ సంవత్సరాల నడుమ జరిగినదేమిటో తెలుసుకోవలసిన అవసరం నేడు విశేషంగా ఏర్పడిందని మేము భావిస్తున్నాము. ఏలయనగా ఊపిరితిత్తుల రోగుల కోసం ఇప్పుడు ఎన్నో డిజిటల్ సాధనాలు వస్తున్నాయి. వేలికి తగిలించే ఆక్సిమీటరు, శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకునే స్టెతస్కోపు, మందు పీల్చిన వేళను నమోదు చేసే ఇన్‌హేలరు, దగ్గును విని లెక్కించే సెల్‌ఫోను – ఇలా ఎన్నెన్నో. వాటిలో కొన్ని రోగి చేతిలో నిలుస్తున్నాయి, కొన్ని అలమరలో చేరి దుమ్ము పట్టుతున్నాయి. పరికరాన్ని పుట్టించడం ఒక పని. దానిని రోగి మంచం దగ్గర కాపురముంచడం మరొక పని. లెన్నెక్ ఘనత మొదటిదానికంటె రెండవదానిలోనే ఎక్కువగా ఉన్నదని మా అభిప్రాయం.

లెన్నెక్ 1781 ఫిబ్రవరి 17వ తేదీన ఫ్రాన్సు దేశపు పడమటి అంచున, బ్రిటనీ ప్రాంతంలోని కెంపేర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది, పద్యాలల్లే మోజుగల మనిషి. సంసారభారం మీద ఆయనకు అంత శ్రద్ధ లేదు. లెన్నెక్ ఐదేండ్లవాడై ఉండగా 1786లో తల్లి కన్నుమూసింది. పిల్లలు బంధువుల పంచన చేరారు. చివరకు 1788లో నాంత్ నగరంలో వైద్యుడుగా ఉన్న పినతండ్రి గియోం లెన్నెక్ ఇల్లు ఆ బాలునికి ఆశ్రయమైంది. మరుసటి యేడాదే ఫ్రెంచి విప్లవం చెలరేగింది. నాంత్‌లో అది భయానక రూపం దాల్చింది. కూడలిలో గిలటిన్ నిలిచింది. 1793, 94 సంవత్సరాలలో ఖైదీలను పడవల కొద్దీ ల్వార్ నదిలో ముంచివేశారు. అటువంటి నగరంలో పదునాలుగేండ్లు నిండీ నిండకముందే, 1795లో, ఆ కుర్రవాడు సైనిక చికిత్సాలయంలో గాయాలకు కట్లు కట్టే పనిలో చేరాడు. మనిషి కృశించిన శరీరం కలవాడు. ఆయాసం, జ్వరం చిన్ననాటి నుండే ఆయనను వెంటాడాయి. వేట అంటే ప్రీతి. వేణువు వాయించేవాడు. ఈ వేణువును పాఠకులు గుర్తుంచుకోవాలి.

1801లో పైచదువుకు పారిస్ చేరి ప్రసిద్ధ వైద్యుడు కొర్విజార్ వద్ద శిష్యుడయ్యాడు. అక్కడ నేర్చుకున్న విద్యలో ఒక అంశాన్ని గూర్చి కొంత వివరించక తప్పదు. ఆస్ట్రియా దేశంలో లియొపోల్డ్ అవెన్‌బ్రుగర్ అనే వైద్యుడుండేవాడు. ఆయన తండ్రి పూటకూళ్ళ యజమాని. సారాయి పీపాను వ్రేళ్ళతో తట్టి, ధ్వనినిబట్టి లోపల సరుకు ఎంతవరకు ఉన్నదో చెప్పడం ఆ వృత్తిలో అందరూ ఎరిగిన విద్యయే. రోగి ఛాతీని అదే విధంగా తడితే లోపల నీరు చేరినదీ లేనిదీ తెలియగలదని అవెన్‌బ్రుగర్ గ్రహించి, 1761లో ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. దానిని పట్టించుకున్నవారు బహు కొద్దిమంది. 1808లో కొర్విజార్ దానిని ఫ్రెంచిలోనికి అనువదించి, విపులమైన వ్యాఖ్య జోడించి, తన శిష్యులచేత నిత్యం అభ్యాసం చేయించిన తరువాతనే ఆ విద్య బ్రతికింది. అంటే 47 సంవత్సరాలు ఒక సత్యం అచ్చులో పడి ఉండి కూడా ఏ రోగికీ అక్కరకు రాలేదు. ఖర్చులేని విద్య, పది వ్రేళ్ళు చాలు, అయినా రాలేదు. ఈ ఉదంతాన్ని లెన్నెక్ గురువు పాదాల చెంతనే చూచాడు.

1803లో వైద్యంలోను, శస్త్రచికిత్సలోను ప్రథమ బహుమతులు పొంది, 1804లో పట్టం అందుకున్నా ఆయనకు పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం పన్నెండేళ్ళ వరకు లభించలేదు. ఈ వ్యవధిలో పత్రికా సంపాదకత్వం, శవపరీక్షలు, సొంత వైద్యం సాగించాడు. 1814లో నెపోలియన్ సైన్యాలు కూలిపోతున్న రోజులలో గాయాలతో, జ్వరాలతో సైనికులు పారిస్ ఆసుపత్రులకు తండోపతండాలుగా వచ్చారు. వారిలో బ్రిటనీ పల్లెల కుర్రవాళ్ళకు బ్రెటన్ తప్ప ఫ్రెంచి రాదు. ఎక్కడ నొప్పి అని అడిగినా అర్థం కాక, చెప్పుకున్నా వినేవాడు లేక వారు దిగులుతో కుంగిపోవడం చూచి, వారందరినీ ఒకే చోట చేర్పించి, తాను పెద్దయిన తరువాత పట్టుబట్టి నేర్చుకున్న బ్రెటన్ భాషలో లెన్నెక్ వారికి వైద్యం చేశాడు. రెండు భాషల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చునే మన కళాశాలవారికి ఈ ఘట్టంలోని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. రోగి మాటను ముందు వినడం నేర్చినవాడే తరువాత రోగి శ్వాసను వినగలిగాడు.

1816లో ఆయనకు పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో స్థానం లభించింది. ఆ యేడాదే, గుండె జబ్బు లక్షణాలున్న ఒక యువతి పరీక్షకు వచ్చింది. ఆమె స్థూలకాయురాలు కావడంచేత చేతితో తట్టిచూచినా, తాకిచూచినా ఫలితం లేకపోయింది. ఛాతీకి చెవి ఆనించి వినే పద్ధతి ప్రాచీన గ్రీకు వైద్యులకు తెలిసినదే. కాని వయసులోనున్న స్త్రీ ఎడల అది మర్యాద కాదని లెన్నెక్ తలచాడు. దూలం ఒక కొసన గుండుసూదితో గీరితే రెండవ కొసన చెవి పెట్టినవానికి ఆ చప్పుడు స్పష్టంగా వినబడుతుందన్న సంగతి అప్పుడాయనకు స్ఫురించింది. దస్తా కాగితాన్ని గట్టిగా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీపైనను, మరొక కొస తన చెవికిని ఆనించాడు. నేరుగా చెవి పెట్టి విన్నప్పటికంటె గుండెసవ్వడి స్పష్టంగా వినవచ్చింది.

ఈ కథను అందరూ చెప్పుకుంటారు. కొందరు దానికి దూలాలతో ఆడుకుంటున్న పిల్లలను కూడ చేర్చి ముచ్చటగా వర్ణిస్తారు. అది తరువాత అల్లినదే కావచ్చును. మేము మాత్రం అందులో మర్యాద అన్న మాట దగ్గర ఆగుతున్నాము. స్త్రీకి వైద్యునికి నడుమ ఒక అడుగు దూరం ఉండాలన్న సంకోచాన్ని ఆయన కొట్టివేయలేదు, ఎగతాళి చేయలేదు. ఆ దూరాన్నే పరికరంగా మలిచాడు. నాటి ఆసుపత్రులలో రోగుల మురికి, పేలు కూడ చెవి ఆనించడానికి అడ్డంకులే. అదీ ఆయన దాచలేదు.

అయితే కాగితపు చుట్ట కనుగొనడానికి ఒక నిమిషం పట్టింది. తరువాతి పనికి సుమారు మూడేండ్లు పట్టింది. మొదట పదార్థం తేల్చాలి. లోహం, గాజు, గాలి నింపిన పలుచని తోలు – అన్నిటినీ పరీక్షించి, మధ్యస్థమైన సాంద్రతగల కొయ్యయే మేలని నిర్ణయించాడు. తన తరిమెన మీద తానే గొట్టాలు చేసుకున్నాడు. సుమారు అడుగు పొడవు, నడుమ సన్నని రంధ్రం, విడదీసి జేబులో పెట్టుకోవడానికి వీలుగా రెండు ముక్కలు. వేణువు వాయించే చేతికి అటువంటి కొయ్యపని కొత్త కాదు.

అసలు కష్టం అటు తరువాతిది. గొట్టంలో వినబడే చప్పుళ్ళకు అర్థం ఏమిటి? ఎవరికీ తెలియదు. నిఘంటువు లేని భాష వంటిది ఆ శబ్దప్రపంచం. లెన్నెక్ ప్రతి రోగి ఛాతీని రోజూ విని, విన్నదానిని విన్నట్లు వ్రాసిపెట్టేవాడు. చికిత్స ఫలించక రోగి మరణిస్తే – ఆ కాలంలో మరణించేవారే అధికం – శవపరీక్షలో ఊపిరితిత్తిని తెరచి, తాను వ్రాసినదానితో సరిచూచేవాడు. ఒక రోగి కంఠస్వరం నోటి నుండి గాక నేరుగా ఛాతీలో నుండి గొట్టం గుండా వస్తున్నట్లు వినబడింది. అటువంటివారు మరణించినప్పుడు చూడగా ఊపిరితిత్తిలో క్షయ తొలిచిన గుల్ల కనబడింది. న్యుమోనియా ఆరంభంలో, వేడి మూకుడులో ఉప్పు చిటపటలాడిన చప్పుడు. శ్వాసనాళాలు ఇరుకైనచోట గువ్వ కూత, పక్షుల కిచకిచ. ఊపిరితిత్తి పొరలో నీరు చేరినచోట మేకపిల్ల అరుపును బోలిన కంఠం. గాలీ నీరూ కలిసి చేరినచోట పింగాణీ గిన్నెలో గుండుసూది పడిన మ్రోత. ఇవన్నీ ఆయన పోలికలే. ఆయన వంటింటి నుండి, చెట్ల మీద నుండి, పశువుల కొట్టం నుండి పోలికలు ఏరుకున్నాడు. కొత్త శబ్దాన్ని మరొక వైద్యునికి అందించాలంటే ఇద్దరికీ తెలిసిన పాత శబ్దం కావాలి. ఉబ్బసపు చప్పుడును పిల్లికూతలు అని మన తెలుగు తల్లులు అనడంలో ఉన్న రహస్యమూ ఇదే.

1819లో ఆయన గ్రంథం రెండు సంపుటాలుగా వెలువడింది. కావలసినవారు మరికొన్ని ఫ్రాంకులు చెల్లించి దానితోపాటు కొయ్య గొట్టాన్ని కూడ కొనుక్కోవచ్చును. పుస్తకం లేని గొట్టం వట్టి కొయ్య, గొట్టం లేని పుస్తకం వట్టి మాట అని గ్రహించిన ఆలోచన అది. పరికరానికి గ్రీకు మాటల నుండి స్టెతస్కోపు అని పేరు పెట్టినా ఆయన తరచుగా దానిని గొట్టమనే పిలిచేవాడు.

పేర్ల విషయంలో ఒక చిక్కు వచ్చింది. ఊపిరితిత్తుల చప్పుళ్ళకు ఆయన రాల్ అనే ఫ్రెంచి మాటను వాడాడు. ప్రజల నోట అది చనిపోయేవారి గొంతులో వినవచ్చే గురగురకు పేరు. ఆ మాట వినగానే రోగి గుండె జారిపోతుంది. కాబట్టి రోగి ఎదుట లాటిన్‌లో రాంకస్ అనవలసిందని లెన్నెక్ సలహా చెప్పాడు. ఆయన మనసులో రెండూ ఒకటే. కాని గ్రంథం భాషలు మారినకొద్దీ రెండు మాటలకు రెండు అర్థాలు పుట్టాయి. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క వాడుక స్థిరపడింది. రోగిపై దయతో చేసిన ఏర్పాటు వైద్యుల నడుమ నూటయాభై యేండ్లకు పైగా కలహానికి కారణమైంది. 1917లో హైదరాబాదులో స్థాపితమైన దారుల్ తర్జుమాలో శాస్త్రపదాలకు ఉర్దూ మాటలు కూర్చిన పండితులకు ఈ బాధ బాగా తెలిసి ఉంటుంది.

వ్యతిరేకత కూడ తక్కువ కాదు. జబ్బులన్నిటికీ జీర్ణకోశపు దాహమే మూలమని వాదించిన బ్రూసే అనే వైద్యుడు లెన్నెక్‌ను తీవ్రంగా నిందించాడు. బ్రూసే పద్ధతిలో జలగలదే ప్రధాన స్థానం. 1833లో ఫ్రాన్సు 4 కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకున్నదంటే ఆ వాదం ఎంత బలంగా ఉండేదో ఊహించవచ్చును. 1821లో లెన్నెక్ గ్రంథాన్ని ఆంగ్లంలోనికి అనువదించిన జాన్ ఫోర్బ్స్ సైతం, పరికరం విలువను ఒప్పుకుంటూనే, ఇది వైద్యుల సాధారణ వాడుకలోనికి వస్తుందా అని తన పీఠికలో సందేహించాడు. కాలం పడుతుంది, రోగికీ వైద్యునికీ ఇద్దరికీ శ్రమ – ఇవి ఆయన చెప్పిన అభ్యంతరాలు. సందేహాన్ని తీర్చినది వాదన కాదు. లెన్నెక్ 1823 నుండి షరితే ఆసుపత్రిలో ఆచార్యుడై రోగుల మంచాల దగ్గరనే పాఠం చెప్పేవాడు. విదేశీ విద్యార్థుల కోసం లాటిన్‌లో మాట్లాడేవాడు. వారు స్వదేశాలకు తిరిగిపోతూ గొట్టాన్ని వెంట తీసుకుపోయారు. దానిని వినడమెట్లో నేర్చుకుని మరీ తీసుకుపోయారు.

ఇక్కడ జీవితకథను కొంత ఆపి, మా మొదటి మాటకు వస్తాము. నేటి డిజిటల్ సాధనాలకు ఎదురవుతున్న చిక్కులు ఇవే. ఊపిరితిత్తుల చప్పుడును విని జబ్బును గుర్తించే యంత్రాన్ని తయారుచేయాలంటే, ఏ చప్పుడు ఏదో ముందుగా మనుషులు దానికి చెప్పాలి. 2017లో పరిశోధకులందరి ఉపయోగానికై ప్రకటించిన ఒక ప్రసిద్ధ శబ్దసంచయంలో 126 మంది నుండి సేకరించిన 920 ధ్వనిముద్రణలున్నాయి; మొత్తం ఐదున్నర గంటలు. సేకరించినది పోర్చుగల్, గ్రీసు దేశాల బృందాలు. ఆ గంటలలో పెరిగిన యంత్రం మన ఆసుపత్రి వరండాలో, పంకాల మ్రోత, బండ్ల హారను మధ్య ఏమి వింటుంది? ఒకే ముద్రణను విని అనుభవజ్ఞులైన వైద్యులే భిన్నాభిప్రాయాలు చెప్పడం పరిశోధనలలో పలుమార్లు వెల్లడైంది. లెన్నెక్ వినికిడికి శవపరీక్ష సాక్ష్యం ఉండేది. యంత్రానికి అంత గట్టి సాక్ష్యం ఎవరివ్వాలన్నది ఇంకా తేలవలసిన విషయం.

మరొకటి. జపాను ఇంజనీరు తకువో అయోయాగి 1970ల ఆరంభంలో రూపొందించిన సూత్రంతో పనిచేసే పల్స్ ఆక్సిమీటరు 2020, 2021 సంవత్సరాలలో కరోనా వేళ మన ఇళ్ళలో థర్మామీటరు సరసన చేరింది. ఎన్ని ప్రాణాలను సకాలంలో ఆసుపత్రికి చేర్చిందో అందరం ఎరుగుదుము. కాని 2020లోనే అమెరికాలో ప్రకటితమైన పరిశోధన ఒకటి, రక్తంలో ప్రాణవాయువు తగ్గిన సంగతిని ఆ పరికరం తెల్లవారిలో కంటె నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పసిగట్టలేకపోయినదని చూపింది. వేలి రంగును దాటి వచ్చే వెలుతురును కొలిచే పరికరాన్ని ఏ వేళ్ళ మీద సరిచూచారన్నది చిన్న ప్రశ్న కాదు. మన వేళ్ళు కూడ ఆ ప్రశ్న వేయదగినవే.

ఇంకొక ఉదాహరణ స్కాట్లండు నుండి. దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధిగల 256 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగంవారికి ఇంటి వద్ద తెరగల యంత్రమిచ్చి, రోజూ లక్షణాలు, ప్రాణవాయువు కొలత పంపించుకున్నారు. రెండు భాగాలకూ వైద్యసేవ ఒకే విధంగా అందించారు. ఏడాది తిరిగేసరికి ఆసుపత్రి పాలు కావడంలో ఇరువురికీ భేదం కనబడలేదు. 2013లో వెలువడిన ఈ ఫలితాన్ని చూచి యంత్రం దండుగ అని కొట్టివేయడం తొందరపాటు. అంకె ఎంత వేగంగా చేరినా, దానికి బదులు పలికే చేయి మారకపోతే రోగి స్థితి ఎందుకు మారుతుందని మేము అర్థం చేసుకుంటున్నాము. మన దేశంలో క్షయరోగుల కోసం సాగిన 99డాట్స్ పద్ధతి కూడ ఇటువంటి పాఠమే చెప్పింది. మాత్ర నొక్కితే అట్ట కింద దాగిన ఫోను నంబరు బయటపడుతుంది; దానికి మిస్డ్ కాల్ ఇస్తే మందు వేసుకున్నట్లు లెక్క. ఎంత చవక, ఎంత యుక్తి! కాని మందు వేసుకుని ఫోను చేయనివారు ఉన్నారు, ఫోను చేసి మందు వేసుకోనివారూ ఉన్నారు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట, జబ్బు పేరు నలుగురికీ తెలియరాదని దాచుకునే కోడలు ఆ నంబరుకు ఎప్పుడు ఫోను చేయగలదు? పాతబస్తీలో పెద్దలు నేటికీ దిక్ అని గొంతు తగ్గించి పలికే జబ్బది. ఒక యువతి సంకోచాన్ని చూచి కాగితం చుట్టిన వైద్యుడు ఈ కోడలి సంకోచాన్ని కూడ పరికరంలో భాగంగానే ఎంచి ఉండేవాడు.

లెన్నెక్ అన్నీ సరిగా చెప్పాడనడం ఆయనకు మర్యాద కాదు. గుండె రెండవ చప్పుడుకు ఆయన చెప్పిన కారణం తప్పు. క్షయ అంటువ్యాధి అన్న సంగతి ఆయన కాలానికి స్థిరపడలేదు. కాక్ దాని సూక్ష్మజీవిని కనుగొన్నది 1882లో. శరీరంలో వేర్వేరు చోట్ల కనిపించే క్షయ అంతా ఒకే వ్యాధి అని గ్రహించడం మాత్రం ఆయన సూక్ష్మదృష్టి. విని తెలుసుకోవడమే గాని నయం చేసే మందు ఆయన చేతిలో లేదు. క్షయను అదుపుచేసే స్ట్రెప్టోమైసిన్ రావడానికి 1940ల వరకు ఆగవలసి వచ్చింది. గొట్టంలో మృత్యువును ముందుగా విని, మౌనంగా లేచి పక్క మంచానికి పోవలసిన రోజులు ఎన్ని గడిపాడో!

ఆ మృత్యువు ఆయన ఛాతీలోనూ ఉండినది. 1819లో గ్రంథం ముగించగానే శరీరం సహకరించక బ్రిటనీలోని కెర్లువార్నెక్ అనే తన పల్లెటింటికి వెళ్ళి, వ్యవసాయం, వేటలతో రెండేండ్లు గడిపి 1821లో తిరిగి వచ్చాడు. 1824లో వివాహం చేసుకున్నాడు. తరువాత రెండవ కూర్పు పని నెత్తిన వేసుకున్నాడు. మొదటి కూర్పును శబ్దాల క్రమంలో వ్రాసినవాడు, దీనిని వ్యాధుల క్రమంలోనికి తిరిగి వ్రాశాడు. చదివే వైద్యునికి ఎదుట ఉండేది రోగి గనుక ఈ మార్పు అవసరమైంది. 1826 వసంతంలో ఆ కూర్పు వెలువడేనాటికి ఆయనకు జ్వరం, దగ్గు విడవడం లేదు. అన్న కొడుకు వంటి ఆప్తుడు మెరియాదెక్ అనే బంధువు వైద్యుడై, ఆయన చెంతనే ఉన్నాడు. తన ఛాతీని గొట్టంతో విని, వినబడినదేమిటో చెప్పవలసిందని లెన్నెక్ అతనిని కోరాడు. కుర్రవాడు విన్నదంతా దాచకుండా చెప్పాడు. ఆ శబ్దాలను లెన్నెక్ నెకర్ ఆసుపత్రిలో ఎందరి ఛాతీలలోనో విని పేరు పెట్టి ఉన్నాడు.

మే నెలాఖరున పారిస్ విడిచి, బండి ప్రయాణపు కుదుపులకోర్చి కెర్లువార్నెక్ చేరాడు. ఆగస్టు 13వ తేదీన, అంత్యఘడియలలో, తన వ్రేళ్ళ ఉంగరాలను ఒక్కొక్కటిగా తానే తీసి బల్లపై పెట్టాడు. మరి కాసేపట్లో ఈ పని మరొకరు చేయవలసి వస్తుందని, వారికి ఆ బాధ తప్పించదలచానని దగ్గరనున్నవారితో అన్నట్లు చెబుతారు. ఆనాటికి ఆయన వయస్సు 45 సంవత్సరాలు. మరణశాసనంలో తన పుస్తకాలు, కాగితాలు, గడియారం, ఉంగరం మెరియాదెక్‌కు వ్రాశాడు. వాటన్నిటికంటె విలువైనదిగా ఎంచి కొయ్య గొట్టాన్ని కూడ అతనికే ఇచ్చాడు.